రేకుల కింద ఒక రాత్రి

బుధవారం పొద్దున్నే ఎవారిస్తో మాసియెల్ మూడు కోడెలకూ తలంటు పోశాడు.

నవ్వకండి. మా తక్వరెంబో జిల్లాలో సంతకు కోడెల్ని దించేవాడెవడైనా కడిగే దించుతాడు. కాకపోతే గొట్టం పెట్టి నాలుగు నీళ్ళు కొట్టి, తోక కుచ్చు దువ్వి, సరే పోనీలే అంటాడు. ఎవారిస్తో అలా సరిపెట్టుకునే మనిషి కాడు. బట్టల సబ్బు బిళ్ళలు రెండు అరిగిపోయేదాకా వీపులు రుద్దాడు, డొక్కలు రుద్దాడు, గంగడోలు మడతల్లో వేళ్ళు పెట్టి మట్టి తీశాడు. ఎర్ర ఒళ్ళు, తెల్ల మొహాలు. కడిగేసరికి ఆ ఎరుపు కొత్త పెంకులా తేలింది. భార్య ఎర్మేలిందా వంటింటి గుమ్మంలో నిలబడి చూసి, పెళ్ళినాడు కూడా నువ్వింత శుభ్రంగా స్నానం చేయలేదు కదా అంది. అతను నవ్వలేదు. నవ్వడానికి ఆ రోజు అతనికి తీరిక లేదు, మనసూ లేదు.

ఇరసాబల్ వాళ్ళ క్షేత్రంలో అతను పెద్దపాలేరు. ఆ నల్లరాతి గుట్టల మీద నూట నలభై ఎర్రావులు మేస్తాయి. ఏ ఆవు ఏ చలికి తట్టుకుంది, ఏది కరువులోనూ దూడను నిలబెట్టుకుంది, ఏది కాన్పుకు మొరాయించింది, అన్నీ చూసి చూసి ముప్పై ఏళ్ళుగా ఏరి నిలబెట్టిన మంద అది. కాయితాల మీద మంద ఇరసాబల్ వాళ్ళది. దాన్ని ఏరింది మాత్రం ఎవారిస్తో కళ్ళు.

చినబాబు లేయాంద్రో రాజధాని మాంతెవిదేయోలో వ్యవసాయం చదివి వచ్చాడు. చెడ్డవాడు కాడు, ఆ మాట ముందే చెప్పాలి. చలికాలం మొదట్లో అతను పెద్దపాలేరును పిలిచి కూర్చోబెట్టి, తన చేత్తో మాతే ఆకు టీ కాచి ఇచ్చి మరీ చెప్పాడు. ఈ ఎర్రవి గుట్టల మీద గడ్డి మేసి బరువుకు రావడానికి మూడున్నరేళ్ళు తీసుకుంటున్నాయి. నల్ల ఆంగస్ జాతివి మొక్కజొన్న దాణా మీద ఇరవై నెలల్లో వస్తాయి. ఒకదాని కాలంలో రెండు. జాతి మార్చాలి, మేత మార్చాలి, గుట్ట కింద దాణా దొడ్లు కట్టాలి. ఎవారిస్తో గిన్నెలోని మాతే చివరి చుక్కదాకా పీల్చి, గిన్నె తిరిగి ఇచ్చి, మరి మాంసం మాటేమిటి చినబాబూ అని ఒక్కటే అడిగాడు. లేయాంద్రో ఆలోచించాడు. సరే, ఆ సంగతి మాంసాన్నే తేల్చనిద్దాం అన్నాడు. వసంతంలో జరిగే సంతపోటీకి మూడు కోడెల్ని పంపుదాం. కొక్కేనికి వేలాడాక మనవి గెలిస్తే ఎర్రావులు ఉంటాయి. ఓడితే మార్చిలో మొత్తం మంద వేలానికి వెళుతుంది. ఇద్దరూ చేతులు కలుపుకున్నారు.

ఆ పోటీ మూడు రోజులది. మొదటి రోజు జడ్జి బతికున్న కోడెల్ని చూసి వరస ఇస్తాడు. రెండో రోజు కబేళాలో కోస్తారు. మూడో రోజు, మాంసం చల్లబడ్డాక, దాన్ని చూసి రెండో వరస ఇస్తారు. ఎవారిస్తో ఆశంతా ఈ రెండో వరస మీదే.

ఎక్కించేటప్పుడు లారీవాడు కరెంటు కర్ర తీస్తే ఎవారిస్తో దాన్ని లాక్కుని క్యాబిన్లో పడేశాడు. తనే ముందు నడిచాడు. మూడూ అతని వెనకే వాలుబల్ల ఎక్కాయి. ముందుగా పాదిరి, మెడ చుట్టూ తెల్లటి పట్టీ ఉన్నది. తర్వాత చెవిటిది. చిన్నప్పుడు పురుగు పట్టి దాని కుడి చెవి సగం పోయింది. చివర మూడోది. దానికి పేరు లేదు. పుట్టిన దగ్గర్నుంచీ మందకు ఇరవై అడుగుల దూరంలో ఒంటరిగా మేసేది, పిలిస్తే చూసేది కాదు, అందుకని ఎవరూ పేరు పెట్టలేదు. కోడెల వెనక రెండు డ్రమ్ముల నిండా సౌసే వాగు నీళ్ళు, నాలుగు మోపుల ఎండుగడ్డి. ఊరి కుళాయి నీళ్ళకు మందు వాసన వేస్తుంది, గుట్ట పశువు మూతి పెట్టదు. నీళ్ళు తాగకపోతే మేత ముట్టదు. మేత ముట్టకపోతే కండలో సత్తువ కరిగిపోతుంది. సత్తువ కరిగిన పశువును కోస్తే మాంసం ఎర్రబడదు, నల్లగా జిగటగా తేలుతుంది. దాన్ని పై దేశాలవాళ్ళు ముట్టరు. పోటీలో అలాంటిది కనబడితే ఆ మూడింటినీ కలిపి పక్కన పెట్టేస్తారు. ఇదంతా పుస్తకంలో చదివి తెలుసుకున్నవాడు లేయాంద్రో. ఎవారిస్తోకు చదువు లేదు, కానీ బెదిరిన పశువును కోసిన రోజు కూర ఎలా ఉంటుందో చిన్నప్పట్నుంచీ తిని తెలుసు.

*

గురువారం సంత మైదానంలో అయిదు దొడ్లలో అయిదుగురి కోడెలు దిగాయి. ఎర్రవాటి పక్కదే ఇంకో క్షేత్రం యజమాని ఎచెనికే గారి దొడ్డి. నల్ల ఆంగస్ కోడెలు మూడు, తొమ్మిది నెలలుగా మొక్కజొన్న మీద ఉన్నవి. తోక మొదట కొవ్వు ఉండలు కట్టి ఉంది. నడిస్తే డొక్కలు అటూ ఇటూ ఊగుతున్నాయి. చూడ్డానికి బాగున్నాయి, ఆ మాట ఎవారిస్తో కూడా కాదనలేదు. వాటికి జనం కొత్త కాదు, మైకు కొత్త కాదు. ఒకదాని మీద ఒకటి ఒరుసుకుంటూ నించుని, ఎవరు తట్టినా కదలకుండా నెమరేస్తున్నాయి.

ఎర్రవి మాత్రం చెవులు రిక్కించుకుని మైదానం చివరనున్న చెట్ల వైపే చూస్తున్నాయి. ఎవారిస్తో కంచె మీద చెయ్యి వేసి అక్కణ్ణించి కదల్లేదు. డ్రమ్ములోంచి బకెట్లతో తోడి తొట్టి నింపాడు. తాగాయి. గడ్డి వేశాడు. తిన్నాయి. మధ్యాహ్నం ఎర్మేలిందా కట్టిచ్చిన మాంసం కజ్జికాయలు అతని సంచిలోనే చల్లారిపోయాయి.

జడ్జి పొడుగాటి మనిషి, చేతిలో సన్నటి బెత్తం. కోడెల వీపుల మీద అరచెయ్యి పరిచి నొక్కి, పక్కటెముకల మీద వేళ్ళు తోసి, పళ్ళు చూసి, మైకు పుచ్చుకున్నాడు. నల్లవాటికి మొదటి వరస. ఎర్రవాటికి నాలుగోది. ఎముక మంచిది, నడక మంచిది, కానీ వయసు మళ్ళింది, వీటిని చూస్తే మా తాతగారు గుర్తొస్తున్నారు అన్నాడు. మైదానంలో నవ్వులు పుట్టాయి. ఎచెనికే గారి పెద్దపాలేరు వచ్చి భుజం తట్టి, ఏం ఎవారిస్తో, వీటికి ఓటు హక్కు కూడా వచ్చేసిందటగా అన్నాడు. ఎవారిస్తో చెవులు ఎర్రబడ్డాయి. బకెట్టు అందుకుని మళ్ళీ తొట్టిలో నీళ్ళు పోశాడు.

లేయాంద్రో మాత్రం నవ్వలేదు. దగ్గరికి వచ్చి, ఇవాళ్టిది సగమే, రేపటిదీ ఎల్లుండిదీ మిగిలే ఉంది అన్నాడు. ఆ మాటకు ఎవారిస్తోకు కళ్ళు చెమర్చినంత పనైంది.

సాయంత్రం నాలుగింటికి దక్షిణం వైపు ఆకాశం సీసం రంగుకు తిరిగింది. గాలి మారింది. చలికాలం పోయిందనుకున్నాక ఒక్కసారి వెనక్కి వచ్చి కొట్టే గాలి అది. మా వైపు గొర్రెల ఉన్ని కత్తిరించినవాళ్ళంతా దానికి భయపడతారు. లారీ కబేళా గేటు దగ్గరికి చేరేసరికి సన్నగా జల్లు మొదలైంది. ఎవారిస్తో దిగి కోడెల్ని చూశాడు. చెవిటిదాని తొడ మీద చర్మం సన్నగా వణుకుతోంది.

అప్పుడు తట్టిందతనికి. గుట్ట మీద ఈ కోడెలు పుట్టినప్పట్నుంచీ వానల్లో తడుస్తూనే ఉన్నాయి, ఏనాడూ ఏమీ కాలేదు. కానీ అప్పుడు వాటి వెంట్రుక మీద జిడ్డు ఉండేది, చినుకు పడితే జారిపోయేది. ఆ జిడ్డంతా బుధవారం తను సబ్బు పెట్టి కడిగేశాడు. ఇప్పుడు వాన నేరుగా చర్మానికి తగులుతుంది. రాత్రంతా వణికితే తెల్లవారేసరికి కండలో ఏం మిగులుతుంది? చేతులారా చేసుకున్నానే అనుకున్నాడు.

గేటు లోపలికి బయటివాళ్ళు వెళ్ళకూడదు. లోపల దొడ్లు చూసుకునేది నికానోర్. అతని పెద్దమ్మాయికి జ్ఞానస్నానం నాడు జ్ఞానతండ్రిగా నిలబడింది ఎవారిస్తోయే. అప్పట్నుంచీ ఇద్దరూ ఒకరినొకరు కొంపాద్రే అనే పిలుచుకుంటారు. నికానోర్ పసుపుపచ్చ వానకోటు తొడుక్కుని గేటు తీశాడు. ఎవారిస్తో అతని చెయ్యి పట్టుకున్నాడు.

"కొంపాద్రే, నీకు దణ్ణం పెడతా. ఈ రాత్రి వీటిని ఆరుబయట ఉంచకు."

"రేకుల కింద ఉన్నది ఒకటే దొడ్డి. మిగతావన్నీ బయటే. ఆ సంగతి నీకూ తెలుసు."

"ఎలాగోలా చూడు. సబ్బు పెట్టి కడిగాను వీటిని. చలికి ఆగవు."

నికానోర్ వాన వైపు చూశాడు, కోడెల వైపు చూశాడు. చివరికి, సరే, నువ్వు నిశ్చింతగా వెళ్ళు, నేను చూసుకుంటా అన్నాడు. ఎవారిస్తో మిగిలిన డ్రమ్ము కూడా దింపించి, ఈ నీళ్ళే పొయ్యమని రెండుసార్లు చెప్పి వెళ్ళాడు. ఊళ్ళో చెల్లెలింట్లో పడుకున్నాడు. వడగళ్ళు పడుతున్న చప్పుడు వింటూ, రేకుల కింద ఉన్నాయి కదా, బతికించాడు కొంపాద్రే అనుకుని హాయిగా నిద్రపోయాడు.

*

శుక్రవారం తొమ్మిదింటికి నికానోర్ పని దిగి గేటు బయటికి వచ్చాడు. చంకలో వేడినీళ్ళ ఫ్లాస్కు, చేతిలో మాతే గిన్నె. ఎవారిస్తో రోడ్డు పక్కన సిమెంటు దిమ్మ మీద కూర్చుని ఎదురుచూస్తున్నాడు. కోత అయిపోయిందని అప్పటికే తెలిసింది. నికానోర్ పక్కన కూర్చుని నీళ్ళు పోసి మొదటి గిన్నె అతనికే ఇచ్చాడు. మామూలుగా కాచినవాడే మొదటిది తాగుతాడు. ఆ తేడా ఎవారిస్తో కనిపెట్టాడు.

నికానోర్ నేల చూస్తూ చెప్పాడు. రేకుల కింద దొడ్డిలో అప్పటికే ఎచెనికే గారి నల్లవి ఉన్నాయి. బయట వడగళ్ళు. ఎర్రవి మూడూ ఒకదాని కింద ఒకటి తల దూర్చి వణుకుతున్నాయి. నువ్వంతగా అడిగావు. సరే కానిమ్మని తలుపు తీసి లోపలికి తోలాను. ఒక గంట బాగానే ఉన్నాయి. తర్వాత మొదలైంది.

ఏం మొదలైందో ఎవారిస్తోకు చెప్పక్కర్లేదు. ముఖాలు తెలియని పశువుల్ని ఒక దొడ్లో కలిపితే, ఎవడిది పైచేయో తేలేదాకా వాటికి నిద్ర ఉండదు. తల పెట్టి తోసుకుంటాయి, ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, కంచె వెంట గిరగిరా తిరుగుతాయి. గుట్ట మీదైతే ఓడినది దూరంగా పారిపోతుంది, గొడవ అంతటితో సరి. పది అడుగుల దొడ్లో ఎక్కడికి పోతుంది?

"నల్లవాటికి ఇరుకు అలవాటు," అన్నాడు నికానోర్. "కాసేపు తోసి తోసి పడుకున్నాయి. నీవి పడుకోలేదు. పాదిరీ చెవిటిదీ తెల్లార్లూ తిరుగుతూనే ఉన్నాయి. మిగతా దొడ్ల పని తెమిలాక నాలుగింటికి నేను మళ్ళీ చూసి విడదీశాను. అప్పటికే నురగలు కక్కుతున్నాయి."

"మూడోది?"

"అది మూలకు పోయి గోడ వైపు మొహం పెట్టి నిలబడింది. దాని జోలికి ఏదీ వెళ్ళలేదు."

"నీళ్ళు?"

నికానోర్ గిన్నెలో నీళ్ళు పోసి, పోసిన నీళ్ళు చూసుకున్నాడు. నువ్విచ్చిన నీళ్ళు తొట్టిలో పోశాను, నల్లవి తాగేశాయి అన్నాడు.

వాగు నీళ్ళు. గుట్ట మీంచి డెబ్భై కిలోమీటర్లు ఒలకకుండా మోసుకొచ్చిన నీళ్ళు. ఎవారిస్తోకు కొంపాద్రే మీద ఒంటికాలి మీద లేవాలనిపించింది. కానీ లేచి ఏమంటాడు? కప్పు కావాలని చెయ్యి పట్టుకుని అడిగింది తను. సబ్బు పెట్టింది తను.

ఇద్దరి కోడెల్ని ఒకే దొడ్లో కలపకూడదని లోపల గోడ మీద చెయ్యంత అక్షరాలతో రాసి ఉంటుంది. పోయినేడు ఇలాంటిదే ఏదో జరిగి నికానోర్‌కు ఒక హెచ్చరిక కాయితం ఇచ్చారు. రెండోది ఇస్తే మూడోది ఉండదు, ఇంటికి పంపడమే. పింఛనుకు ఇంకా పద్నాలుగు నెలలుంది. ఇదంతా ఎవారిస్తోకు తెలుసు. తెలుసని నికానోర్‌కూ తెలుసు.

"రేపు అడుగుతారు," అన్నాడు నికానోర్. "అడిగితే ఉన్నదున్నట్టు చెప్పెయ్యి. నేను కాదనను."

ఆ మాట అనకుండా ఉంటే బాగుండేదనిపించింది ఎవారిస్తోకు. చెప్పొద్దని బతిమాలి ఉంటే కోపమైనా వచ్చేది.

ఆ పగలంతా అతను ఊళ్ళో తిరిగాడు. గుర్రపు జీనులు కుట్టేవాడి కొట్లో కూర్చున్నాడు. కొనేదేమీ లేకపోయినా ఉప్పుదిమ్మల ధర అడిగాడు. లేయాంద్రో దారిలో కనబడి, మొహం అలా ఉందేమిటి, నిద్ర పట్టలేదా అన్నాడు. సరిగ్గా పట్టలేదన్నాడు. ఎవారిస్తో చినబాబుకు చెప్పిన మొదటి అబద్ధం అదే. చిన్నదే, అయినా లెక్కకు వస్తుంది. మాంసం చల్లారేదాకా ఏదీ తేలదు కదా అని తనకు తాను చెప్పుకున్నాడు. గట్టి పశువులు, కొండ పశువులు, తట్టుకుని ఉంటాయేమో. ఒక పూట ఆశతో గడిపాడు.

*

శనివారం పది గంటలకు చల్లగదిలోకి పిలిచారు. తెల్ల కోట్లు, తెల్ల టోపీలు, రబ్బరు బూట్లు తొడిగి పాతికమందిని లోపలికి తీసుకెళ్ళారు. జడ్జి, ఎచెనికే గారు, లేయాంద్రో, పెద్దపాలేర్లు. అందరి నోట్లోంచీ ఆవిరి వస్తోంది. కొక్కేల వరసకు వేలాడుతున్నవాటిలో ఏవి ఎవరివో చీటీలు చూస్తే కానీ తెలియదు. ఎవారిస్తో మాత్రం చీటీ చూడకుండానే తనవి పోల్చుకున్నాడు. వాటి కొవ్వు లేత పసుపు రంగులో ఉంది. గుట్ట గడ్డి రంగు అది. నల్లవాటి కొవ్వు తెల్లగా, మందంగా ఉంది.

గ్రేడు వేసే డాక్టరమ్మ పేరు మిర్తా సగాస్తి. పొట్టి మనిషి, మాటలు తక్కువ. పక్కటెముకల మధ్య కోత పెట్టి ఉంచిన చోట వెన్నుకండను తెరిచి దీపం వేసి చూస్తుంది. తర్వాత కండలోకి సూది దించి డబ్బా మీద అంకె చదువుతుంది. ఆ అంకె అయిదు పాయింట్ ఎనిమిది దాటితే మాంసం పోయినట్టే.

నల్లవి ముందు. అయిదు పాయింట్ ఆరు, అయిదు పాయింట్ ఏడు, అయిదు పాయింట్ ఏడు. కండ మంచి ఎరుపు, మధ్యన సన్నటి తెల్లటి కొవ్వు చారలు. ఎచెనికే గారు తల పంకించారు.

పాదిరి. ఆమె కోత తెరవగానే ఎవారిస్తోకు సూది అక్కర్లేకపోయింది. కండ ముదురు గోధుమ రంగులో ఉంది, తడి లేదు, వేలు పెడితే అంటుకునేలా ఉంది. ఆరు పాయింట్ మూడు. చెవిటిది ఆరు పాయింట్ రెండు. వెనక ఎవరో నాలిక చప్పరించారు.

మూడోది. డాక్టరమ్మ కోత తెరిచి, దీపం దగ్గరగా పెట్టి, అలాగే నిలబడిపోయింది. సూది దించింది. అయిదు పాయింట్ అయిదు. జడ్జిని రమ్మని చేత్తో పిలిచింది. ఇద్దరూ వంగి చూశారు. విచ్చిన కండ నిగనిగలాడుతూ ఎర్రగా ఉంది. చారలు నల్లవాటంత దట్టంగా లేవు. ఉన్నవి మాత్రం వెంట్రుకల్లా కండ అంతటా సమంగా పరుచుకుని ఉన్నాయి. ఇది ఏ దాణా అని అడిగింది ఆమె. గడ్డేనండీ, ఉత్త గడ్డి అన్నాడు ఎవారిస్తో. ఈ గదిలో ఇంతకంటే మంచిది లేదు అని ఆమె మామూలుగా, పలక మీద రాసుకుంటూ అంది. తర్వాత ఆ మూడు చీటీలకూ కలిపి ఎర్ర గుర్తు పెట్టింది. రూలు రూలే. మూడింటికీ కలిపే వరస.

మూడున్నరేళ్ళలో ఆ గుట్ట ఏం చేయగలదో చెప్పడానికి అక్కడ ఒక్కటే మిగిలింది. అదీ ఎవరితోనూ కలవనిది. ఎవారిస్తో దాని చల్లటి తొడ మీద చెయ్యి వేశాడు. ముట్టుకోకూడదని ఎవరో చెబితే తీసేశాడు.

లేయాంద్రో దగ్గరికి వచ్చాడు. తను నమ్మినదే నిజమైనా అతని మొహంలో సంతోషం లేదు. జడ్జి, డాక్టరమ్మ, కబేళా మేనేజరు అందరూ వినేలా, కానీ నెమ్మదిగా అడిగాడు.

"ఎవారిస్తో, ఒక్కటి చెప్పు. రెండు ఇలా, ఒకటి అలా ఎందుకుంటుంది? గురువారం రాత్రి దొడ్లో ఏమైనా జరిగిందా? కలిపారా ఎవరైనా? కలిపితే చెప్పు. నేను ఫిర్యాదు రాస్తాను, మన పందెం మళ్ళీ మొదలు. వచ్చే ఏడు ఇంకో మూడు పంపుదాం."

ఎంత న్యాయంగా అడిగాడో చూడండి. తలుపు దగ్గర నికానోర్ నేల తుడిచే రబ్బరు కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. అతను తల దించుకోలేదు, తిప్పుకోలేదు. సూటిగా ఎవారిస్తో వైపే చూస్తున్నాడు. మేనేజరు కూడా చూస్తున్నాడు, చేతిలో కలం ఉంది.

ఎవారిస్తో కళ్ళ ముందు నూట నలభై తెల్ల మొహాలూ కదిలాయి. ఒక్క మాట చాలు. నిజమైన మాటే. దాన్ని నోటిదాకా తెచ్చుకున్నాడు కూడా.

"ఏమీ జరగలేదు చినబాబూ," అన్నాడు. "గడ్డి మాంసం అంతే. ఒకటి బాగుంటుంది, రెండు పాడవుతాయి. నమ్మకం ఉండదు."

మేనేజరు కలం జేబులో పెట్టుకున్నాడు. డాక్టరమ్మ ఒకసారి తలెత్తి ఎవారిస్తోను చూసింది, మళ్ళీ పలక వైపు తిరిగింది. నికానోర్ నేల తుడవడం మొదలుపెట్టాడు. అప్పటికే తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు.

*

తిరుగు దారిలో లేయాంద్రోనే బండి నడిపాడు. వెనక ఖాళీ డ్రమ్ములు దొర్లి గుద్దుకుంటున్నాయి. ఊరు దాటి గుట్టలు కనబడ్డాక చినబాబే ఎత్తుకున్నాడు. దాణా దొడ్లు జనవరికల్లా లేస్తాయట. ఇద్దరు కుర్రవాళ్ళను తీసుకుంటాడట. వాళ్ళ మీద పెద్దగా ఎవర్ని పెట్టాలా అని ఇన్నాళ్ళూ ఆలోచిస్తున్నాడట. నిజం చెప్పాలంటే నిన్ను పెట్టాలనుకోలేదు, నీ మనసు ఆ ఎర్రవాటి మీదే ఉంటుందని అనుకున్నాను అన్నాడు.

"ఇవాళ నీ మీద నా అభిప్రాయం మారింది. ఇంకొకడైతే ఆ తప్పు కబేళా మీదకు తోసేసేవాడు. నువ్వు నీ నోటితో నీ పశువుల్నే తప్పు పట్టావు. అలాంటి మనిషి కావాలి నాకు."

ఎవారిస్తో కిటికీలోంచి బయటికి చూశాడు. మీ దయ చినబాబూ అన్నాడు. ఇంకేమనాలి?

కుర్రవాళ్ళు వచ్చాక వాళ్ళకు ఈ సంగతి నువ్వే చెప్పాలి, నేను చెబితే పుస్తకాల కబుర్లనుకుంటారు, నీ మాటైతే వింటారు అన్నాడు లేయాంద్రో. చెబుతానన్నాడు ఎవారిస్తో.

గేటు దగ్గర బండి చప్పుడు వినగానే ఎర్రావులు గుట్ట వాలు మీంచి దిగి వచ్చాయి. శనివారం ఉప్పు పెట్టే రోజు. వాటికి వారం తెలుసు. కంచె వెంట బారులు తీరి, తెల్ల మొహాలన్నీ అతని వైపే పెట్టి నిలబడ్డాయి. ఎవారిస్తో దిగి గోదాములోంచి ఉప్పుదిమ్మలు తెచ్చి రాళ్ళ మీద ఎప్పటిలాగే ఒక్కోటీ సర్ది పెట్టాడు. పాదిరిని కన్న ఆవు ముందుకు తోసుకొచ్చి అతని మోచెయ్యి నాకింది. దాన్ని కసరలేదు, నిమరలేదు. పని ముగించి ఇంటికి నడిచాడు.

ఎర్మేలిందా పొయ్యి మీద కుండ దింపుతోంది. అతని మొహం చూసి కుండను మళ్ళీ పొయ్యి మీదే పెట్టేసింది. ఏమైందని అడిగింది. ఓడిపోయామన్నాడు. మార్చిలో వేలమన్నాడు. తనను దొడ్ల మీద పెద్దగా పెట్టారని కూడా చెప్పాడు. ఆమెకు ఏది ముందు పట్టుకోవాలో తెలియలేదు.

"మాంసం ఎందుకు ఓడింది? నీళ్ళు మోసుకెళ్ళావు, గడ్డి మోసుకెళ్ళావు."

"గడ్డి మాంసమే అంత. నమ్మకం ఉండదు."

ఎర్మేలిందా నడుముకు కట్టుకున్న వంటగుడ్డకు చేతులు తుడుచుకుంటూ దగ్గరికి వచ్చింది. ముప్పై ఏళ్ళలో ఆ ఇంట్లో ఎవరి నోటా వినని మాట అది.

"ఎవరన్నారు ఆ మాట?"

"నేనే అన్నాను," అన్నాడు ఎవారిస్తో. బెంచీ మీద కూర్చుని బూట్ల తాళ్ళు విప్పుకోబోయాడు. ముడి పడిపోయింది, ఎంతకీ రాలేదు. ఆమె వంగి విప్పింది.